ఆవ పెట్టని పనసపొట్టు కూర

నేను పుట్టిన ఊరు కాలవకి పడమటి గట్టున ఉంది, కాపురానికి వచ్చిన ఊరు తూర్పు గట్టున. పేర్లెందుకు, పడమటూరు, తూర్పూరు అందాం. మధ్యలో ఒక వంతెన. ఇరవైరెండేళ్ళుగా దాన్ని దాటుతూనే ఉన్నాను. తూర్పూళ్ళో నన్ను అవతలూరి టీచరుగారంటారు. పడమటూళ్ళో అవతలికిచ్చిన పిల్ల అంటారు. ఎటు వెళ్ళినా నేను అవతలి మనిషినే.

ఈ రెండూళ్ళకీ పడదు. ఎందుకు పడదని అడిగితే ఎవరూ చెప్పలేరు. "మొదట్నించీ అంతేనండి" అంటారు. తూర్పూరి ఆటో వంతెన మొదట్లోనే ఆగిపోతుంది. సంచులు మోసుకుంటూ వంతెన నడిచి, అవతల పడమటూరి ఆటో ఎక్కాలి. రెండూళ్ళ లూథరన్ సంఘాలకీ పాస్టరుగారు ఒక్కరే. ఆరాధన ముందు ఏ ఊళ్ళో జరగాలన్నది తేలక, ఒక ఆదివారం ఇక్కడ ఎనిమిదింటికి, అక్కడ పదిన్నరకి. మరుసటి ఆదివారం తిరగేసి. పాపం ఆయన క్యాలెండరు చూసుకోకుండా ఇంట్లోంచి కదలరు. ఇలాంటి చోట మా నాన్నగారు నన్ను అవతలి గట్టుకిచ్చారు. ఆయన పడమటూరి మిషన్ బళ్ళో పంతులు. ఎవరు వద్దన్నా "మనుషులు మంచివాళ్ళైతే ఊరితో పనేంటి" అనేవారు. నా పెళ్ళైన నాలుగేళ్ళకి పోయారు.

నేను తూర్పూరి హైస్కూల్లో తెలుగు చెబుతాను. మూడేళ్ళ కిందట ఊళ్ళో లైబ్రరీ వార్షికోత్సవానికి సావనీరు వేస్తున్నారు. కమిటీలో ఉన్న మా హెడ్మాస్టరుగారు ఓ మధ్యాహ్నం స్టాఫ్ రూములోకి వచ్చారు.

"రెండు పేజీలు ఖాళీగా ఉండిపోయాయి టీచర్‌గారూ. ఏదైనా సరదాగా రాసిపెట్టండి."

"దేనిమీదండి?"

"మన ఊరి గురించైతే బాగుంటుందండి. సాయంత్రానికి ప్రెస్సుకి పంపాలి."

కాదనడం నాకు రాదు. పదో తరగతి వాళ్ళకి స్లిప్ టెస్టు పెట్టి, వాళ్ళు రాస్తుంటే నేనూ రాశాను. రెండూళ్ళ పగకి కారణం ఎవరికీ తెలీదు కదా, పోనీ నేనే ఒకటి కల్పిద్దామనిపించింది.

నేను రాసింది ఇది. కాలవమీద వంతెన లేని రోజుల్లో తూర్పూరి పిల్లని పడమటూరి పిల్లాడికి ఇచ్చారు. మగపెళ్ళివారు మూడు గూటిపడవల్లో తరలి వచ్చారు. పెళ్ళి బాగానే జరిగింది. భోజనాల్లో పనసపొట్టు కూర వడ్డించారు. తీరా నోట్లో పెట్టుకుంటే అందులో ఆవ లేదు. ఆవ నూరవలసిన ఆవిడ రోలు వదిలేసి ఊరేగింపు చూడడానికి వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకు మేనమామ చెయ్యి ఆపి, "పనసపొట్టులో ఆవ ఏదండి?" అని అడిగాడు. తప్పైపోయిందంటే సరిపోయేది. ఆడపెళ్ళివారి పెద్ద మీసం సర్దుకుని, "మా ఊళ్ళో ఇలాగే తింటామండి" అన్నాడు. మేనమామ విస్తరి ముందునుంచి లేచాడు. ఆయన వెనకే బంతంతా లేచింది.

లేచినవాళ్ళు ఊరికే వెళ్ళలేదు. కూర ఉన్న ఇత్తడి గుండిగ చెవుల్లోంచి వెదురుబొంగు దూర్చి, కూరతో సహా ఎత్తి పడవలో పెట్టుకున్నారు. "ఆవ పెట్టి తిరిగి పంపిస్తాం" అన్నారు. కాలవ మధ్యకి వచ్చేసరికి బరువుకి పడవ ఒరిగింది. గుండిగ వదలడానికి పౌరుషం ఒప్పుకోలేదు. ఇక బరువు తగ్గించడానికి అందరూ కూర్చుని ఆవ లేని ఆ కూరనే అడుగంటా తినేశారు. గుండిగ పంపమని తూర్పూరు కబురు పెట్టింది. ముందు ఆవ పంపమని పడమటూరు జవాబిచ్చింది. ఇంతవరకూ అటునుంచి గుండిగా రాలేదు, ఇటునుంచి ఆవా వెళ్ళలేదు. ఈ గొడవలో అందరూ మరిచిపోయిన పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ మాత్రం పందిట్లోనే కూర్చుని తీరుబడిగా భోంచేసి, ఆ తరవాత సుఖంగా కాపురం చేసుకున్నారు.

రెండూళ్ళకీ తప్పు సమానంగా పంచాను. రెండు చోట్లా అన్నం తినాల్సినదాన్ని కదా. చివర్లో 'ఇదంతా కల్పితం' అని కూడా రాశాను.

సావనీరు వచ్చాక నాలుగు రోజులు ఎవరూ చదవలేదు. ఐదో రోజు ఎవరో ఆ రెండు పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ముందు మా అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్యది కొబ్బరికాయల వ్యాపారం, పడమటూళ్ళో మా పాత ఇంటి పక్కనే కొట్టు.

"ఏమ్మా, మనం దొంగలమా?"

"ఏంటన్నయ్యా?"

"మనవాళ్ళు గుండిగ ఎత్తుకొచ్చారని రాశావంట. పొద్దుటినుంచీ కొట్లోకి వచ్చినవాళ్ళంతా అదే అడుగుతున్నారు."

"అది కల్పితం అన్నయ్యా. కింద రాశాను కూడా."

"చూశాను. సినిమాల్లో కూడా ముందు అదే వేస్తారు. వేశారంటే నిజంగా జరిగిందనే కదా."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్యగారు కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. తల ఎత్తలేదు.

"మాకు ఆవ పెట్టడం తెలీదని రాశావంట అమ్మాయ్."

"సరదాకి రాశానండి అత్తయ్యగారూ."

"పందొమ్మిదేళ్ళుగా నా చేతి వంట తింటున్నావు. ఒక్కసారీ నోరు తెరిచి అనలేదు. అనకుండా పుస్తకంలో వేయించావు."

ఆ వారమంతా మా ఇంట్లో ఆవ లేని వంట లేదు. అరటికాయలో ఆవ, కందలో ఆవ, ఆఖరికి పప్పులో కూడా ముక్కుకి తగిలింది. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు కానీ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. అనడానికి నాకు నోరేదీ?

పదిరోజుల తరవాత రిటైరైన పోస్టుమాస్టరుగారు స్కూలుకి వచ్చారు. ఎనభై దాటిన పెద్దాయన. తూర్పూళ్ళో ఆయన మాటంటే అందరికీ గౌరవం. నా చేతులు పట్టుకున్నంత పని చేశారు.

"చాలా మంచిపని చేశారమ్మా. ఇది మరుగున పడిపోతుందేమోనని బెంగగా ఉండేది నాకు."

"ఏదండి?"

"గుండిగ సంగతమ్మా. మా నాయనమ్మ చెప్పేది. నేను ఆవిడ పక్కలో పడుకుని వినేవాణ్ణి."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన కళ్ళు చెమర్చాయి. అబద్ధమాడుతున్న మనిషిలా లేరు. నేను స్లిప్ టెస్టులో కూర్చుని కల్పించిన మేనమామ ఎలా ఉండేవాడో, ఏ భుజంమీద కండువా వేసుకునేవాడో నాకే చెప్పారు. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా అన్నారు.

"గుండిగ అంచు కింద సొట్ట ఉంటుందమ్మా. మీరు రాయలేదు. మళ్ళీ వేసినప్పుడు కలపండి."

సొట్ట మాట వినేసరికి గుర్తొచ్చింది. అలాంటి గుండిగ ఒకటి నిజంగానే ఉంది. పడమటూరి చర్చిలో ఉంది. క్రిస్మస్ ప్రేమవిందుకి అందులోనే వండుతారు. తూర్పూరి సంఘంవాళ్ళు కూడా వచ్చి తింటారు కాబట్టి ఆ సొట్ట అందరూ చూసిందే. పెద్దాయన కూడా ఏదో ఒక ఏడు చూసే ఉంటారు. నాయనమ్మ, సొట్ట, నా కథ, మూడూ ఆయన మనసులో ఒకటైపోయాయి.

ఆ గుండిగ ఎక్కడిదో నాకు తెలుసు. నాకు ఎనిమిదేళ్ళు, అన్నయ్యకి పదకొండు. నాన్నగారు మా ఇద్దర్నీ తీసుకుని రాజమండ్రి వెళ్ళి, బజారంతా తిరిగి, ఒక్కో గుండిగనీ వేలితో కొట్టి మోత విని కొన్నారు. బస్సు టాపు మీద వేయించుకుని, రోడ్డు మీద దింపించి, అక్కణ్ణించి ఎడ్లబండి మీద చర్చికి తెచ్చాం. దించేటప్పుడు ఒక చెవి నాన్నగారు పట్టుకున్నారు, రెండోది తను పడతానని అన్నయ్య పట్టుకున్నాడు. మెట్టు దగ్గర వాడి చెయ్యి జారింది. అంచు కింద పడిన సొట్ట అదే. ఆ తరవాత బతికున్నన్నాళ్ళూ ప్రతి క్రిస్మస్‌కీ ముందు నాన్నగారు చొక్కా విప్పేసి, చింతపండుతో ఆ గుండిగని స్వయంగా తోమేవారు. సొట్ట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించేది.

ఈ సంగతి తూర్పూళ్ళో చెప్పాను. పుట్టింటిని వెనకేసుకొస్తున్నానన్నారు. మా ఆయన ఒక్కరే నమ్మారు. ఆయన నమ్మి లాభమేంటి?

నెల తిరిగేసరికి మాటలు ముదిరాయి. దొంగ గుండిగలో వండిన ప్రేమవిందుకి రామని తూర్పూరి సంఘపెద్దలు పాస్టరుగారికి రాసిచ్చారు. లైబ్రరీ కమిటీవాళ్ళు గుండిగ వెనక్కి ఇప్పించమని తీర్మానం చేశారు. సంతకం పెట్టమని నా దగ్గరికీ తెచ్చారు. పెట్టలేదు. ఆ మర్నాటినుంచి స్టాఫ్ రూములోకి నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయేవి.

పడమటూరు ఇంకో దారి పట్టింది. మొదట్లో దొంగలన్నందుకు కోపగించుకున్నవాళ్ళు నెమ్మదిగా గర్వపడడం మొదలుపెట్టారు. కూరతో సహా ఎత్తుకొచ్చారంటే ఎంత ధైర్యం అనుకున్నారు. కుర్రాళ్ళ క్రికెట్ జట్టు చొక్కాలమీద 'గుండిగ వారియర్స్' అని వేయించుకున్నారు. వాళ్ళకిప్పుడు ఆ దొంగతనం కావాలి. అది కాస్తా అబద్ధమంటే వాళ్ళ చేతిలోది లాక్కున్నట్టు చూసేవారు.

అమ్మని చూడ్డానికి వెళ్ళాలన్నా, తిరిగి రావాలన్నా ఆ వంతెన దాటాలి. ఇటు చివర ఆటోవాళ్ళు "గుండిగ ఎప్పుడిప్పిస్తారండి" అనేవారు. అటు చివరవాళ్ళు "మీ అత్తారు ఆవ పంపారా అండి" అనేవారు. ఇద్దరూ మర్యాదగానే అనేవారు. వంతెన మధ్యలో నాలుగడుగుల మేర మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒక్కోరోజు అక్కడే పిట్టగోడ పక్కన సంచి దించుకుని, కిందనించి గుర్రపుడెక్క తేలుకుంటూ పోతుంటే చూస్తూ నిలబడిపోయేదాన్ని. బదిలీకి దరఖాస్తు పెట్టుకుంటానని మా ఆయనతో అన్నాను. "పెట్టుకో. కానీ నీ కథ యానాం దాకా వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్తావు?" అన్నారు.

ఆఖరికి పాస్టరుగారు అందర్నీ కాలవ లాకుల దగ్గరున్న ఇరిగేషన్‌వారి పాత బంగళాకి పిలిచారు. అది ఏ ఊరిదీ కాదు. ఓ శనివారం పొద్దున్న వరండాలో ఇటు వరస, అటు వరస కుర్చీలు వేశారు. మధ్యలో ఒక్క కుర్చీ. అది నాకు.

"ఉన్నదున్నట్టు చెప్పమ్మా" అన్నారు పాస్టరుగారు.

"నేనే కల్పించానండి. పెళ్ళీ లేదు, కూరా లేదు. హెడ్మాస్టరుగారు రెండు పేజీలు ఖాళీ ఉన్నాయంటే రాశాను."

హెడ్మాస్టరుగారు చేతి గడియారం చూసుకున్నారు. తూర్పు వరసలోంచి పోస్టుమాస్టరుగారు లేచారు. కోపంగా లేరు, జాలిగా చూశారు.

"పాపం ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకండి. పుట్టింటివాళ్ళకి మాటొస్తుందని అలా అంటోంది."

పడమటి వరసలో ఒకాయన, "అదేం కాదండి. రేపు పొద్దున్న కాపురం చెయ్యాల్సింది అక్కడ కదా. అత్తారికి భయపడి అంటోంది" అన్నారు.

"ఎలాగైనా ఆవిడ తన ఇష్టంతో అనడం లేదండి" అన్నారు పోస్టుమాస్టరుగారు.

"అదైతే నిజమేనండి."

నాకు ఊహ తెలిశాక ఆ రెండూళ్ళూ ఒక మాట మీదకి రావడం అదే మొదటిసారి. నేను నిజం చెప్పడం లేదన్న మాట మీదకి.

అప్పుడు గుండిగ సంగతి చెప్పాను. రాజమండ్రి బజారు, బస్సు, బండి, చర్చి మెట్టు, అన్నీ చెప్పాను. "మా అన్నయ్య కూడా ఉన్నాడండి. కావాలంటే అడగండి" అన్నాను. అందరూ అన్నయ్య వైపు తిరిగారు. పడమటి వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన గుండిగ వారియర్స్ చొక్కాలో వాడి కొడుకు.

"చిన్నప్పటి మాటండి" అన్నాడు అన్నయ్య, నేలకేసి చూస్తూ. "నాకు గుర్తులేదు."

వరండా మెట్లు ఎదురుగానే ఉన్నాయి, లేచి వెళ్ళిపోవచ్చు. లేస్తే ఏ వరస వైపునుంచి దిగాలో తెలియక కూర్చుండిపోయాను.

పాస్టరుగారే ఒక దారి చెప్పారు. గుండిగ ఎవరిదన్నది దేవుడికి వదిలేద్దాం. ఏటా లైబ్రరీ వార్షికోత్సవంనాడు అది తూర్పూరు వెళ్తుంది. అందులో పనసపొట్టు కూర వండి, ఆవ పెట్టి, రెండూళ్ళవాళ్ళూ కలిసి తింటారు. సాయంత్రానికి తిరిగి పడమటూరు వచ్చేస్తుంది. అందరూ సరేనన్నారు. ఎవరో, "మరి కథ మైకులో చెప్పాలి కదండి" అన్నారు. "ఆవిడే చెబుతారు. రాసింది ఆవిడే కదా" అన్నారు హెడ్మాస్టరుగారు.

బయటికొచ్చాక అన్నయ్య లాకుల గేట్ల దగ్గర నాకోసం ఆగాడు. నీళ్ళ హోరులో దగ్గరికి వెళ్తే తప్ప మాట వినపడదు.

"గుర్తులేదా అన్నయ్యా నీకు?"

"గుర్తుంది."

"జారవిడిచింది నువ్వే."

"నేనే. నాన్న తిడతారనుకున్నాను. చెయ్యి నలిగిందేమోనని చూశారు."

"మరి అక్కడెందుకలా అన్నావు?"

"మన ఊరి గురించి ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అమ్మా? ఇప్పుడు రాజమండ్రిలో కాయల లోడు దింపుతుంటే, గుండిగ ఊరా అండి అంటున్నారు. మావాడు ఆ చొక్కా విప్పడంలేదు. వాడి ఎదురుగా నేను, కాదురా, మీ తాత కొన్నాడు, నేను పడేశాను అని ఎలా చెప్పను?"

"నాన్న సంగతేంటి మరి?"

వాడు నన్ను వంతెన మధ్యదాకా సాగనంపాడు. అక్కడ ఆగి, "అమ్మ నిన్ను ఆదివారం రమ్మంది" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏటి వార్షికోత్సవంనాడు గుండిగ పూలదండతో వంతెన దాటింది. పోస్టుమాస్టరుగారు సొట్టమీద చెయ్యి వేసి నిమిరారు. అత్తయ్యగారు పొద్దున్నే నడుం బిగించి, ఎవర్నీ రోలు దగ్గరికి రానివ్వకుండా ఆవ తనే నూరారు. లైబ్రరీ ముందు షామియానాలో జనం కిక్కిరిసి ఉన్నారు. నాకు మైకు ఇచ్చారు.

కాగితం తీసుకెళ్ళలేదు. పడవలు, బంతి, మేనమామ వరకూ రాసినట్టే చెప్పాను. జనం నవ్వాల్సినచోట నవ్వారు. గుండిగ ఎత్తే ఘట్టం వచ్చింది. ఎదురుగా అన్నయ్య కనిపించాడు. నా నోటివెంట నేను అనుకోని మాట వచ్చింది.

"ఆ మగపెళ్ళివారిలో ఒక పంతులుగారు ఉండేవారు" అన్నాను. "ఇది తప్పని ఆయనొక్కరే అన్నారు. ఎవరూ వినలేదు. పడవలోంచి దించేటప్పుడు గుండిగ జారి సొట్ట పడింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి భద్రం చేశారు. ఎప్పటికైనా అందరూ కలిసి తినే రోజు వస్తుందని ఏటా చొక్కా విప్పేసి, చింతపండుతో తోమి, తళతళలాడేట్టు ఉంచేవారు."

షామియానాలో ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అబద్ధం చెబుతున్నానని నాకు తెలుసు. ఉన్న అబద్ధానికి ఇంకో గడియ బిగించి, దానిలోపల నేనే కూర్చున్నానని కూడా తెలుసు. అయినా ఆ రోజు నాన్నగారి గురించి నేను చెప్పిందంతా నలుగురూ నమ్మారు.

మైకు దించి వచ్చి బంతిలో కూర్చున్నాను. అన్నయ్య వడ్డిస్తున్నాడు. నా విస్తరి దగ్గర ఆగి, రెండు గరిటెలు వేశాడు. చాలన్నా వినకుండా మూడోది కూడా వేశాడు.

"చింతపండు కాదు, బూడిదతో తోమేవారు" అన్నాడు మెల్లగా.

"చింతపండే అన్నయ్యా."

"బూడిదే."

వెనకాల వరసవాళ్ళు కూరకోసం కేకేస్తుంటే గుండిగవైపు వెళ్ళిపోయాడు.